పాత నంబరు పట్టుకుని లండన్‌లో ఆరు రోజులు

పాత ట్రంకుపెట్టె అడుగున ఓ కవరు దొరుకుతుంది. వెనకవైపు, పంపినవాళ్ల చోట, లండన్ వీధి పేరూ ఇంటి నంబరూ. ఆ నంబరు ఫోన్లో కొట్టగానే మ్యాపు మీద ఎర్ర గుర్తు పడుతుంది, తలుపు ఫొటో కూడా వస్తుంది. చిక్కల్లా ఆ తలుపు కవరు నాటిది కాకపోవచ్చు. లండన్‌లో వీధుల పేర్లు మారాయి, నంబర్లు మారాయి, ఆపైన బాంబులు పడ్డాయి. మిగిలినవాటిలో కొన్నిటిని కాలేజీలూ ఆఫీసులూ మింగేశాయి.

2025 అక్టోబరులో ఆరు రోజులు ఈ పని మీదే తిరిగొచ్చాం. సొంత వంశం గొడవ ఇక్కడ ఎత్తను. అందరికీ తెలిసిన రెండు చిరునామాలు తీసుకుని, వాటి మీద పద్ధతి చెబుతాను. ఒకటి 112, గౌవర్ స్ట్రీట్: 1920ల్లో వై.ఎం.సి.ఎ. వాళ్లు ఇండియా విద్యార్థుల కోసం పెట్టిన హాస్టలు. రెండోది హాక్నీలో 26, కింగ్ ఎడ్వర్డ్స్ రోడ్: దొరల పిల్లల్ని చూసుకుంటూ ఓడెక్కి వచ్చిన ఆయాలు తిరుగు ప్రయాణం కుదిరేదాకా తలదాచుకున్న ఇల్లు. ప్రకాశం పంతులుగారి తరం నుంచి మన జిల్లాలవాళ్లు బారిస్టరీకీ, వైద్యానికీ లండన్ వెళ్తూనే ఉన్నారు. మద్రాసు నుంచి ఆయాలూ వెళ్లారు. చదువుకోడానికి వెళ్లినవాళ్లు కాయితం మిగిల్చారు. ఆయాల పేర్లు కూడా సరిగ్గా మిగల్లేదు. అందుకే రెండు రకాల వెతుకులాటా ఒకే ప్రయాణంలో పెట్టుకున్నాం.

అక్టోబరు 14, మంగళవారం: గౌవర్ స్ట్రీట్

పొద్దున్నే బెడ్‌ఫర్డ్ స్క్వేర్ మూల నుంచి ఉత్తరంగా నడక మొదలుపెట్టాం. నంబర్ల గొడవ అర్థం కావాలంటే లండన్‌లో ఇంతకన్నా మంచి బడి లేదు. ఎడమవైపు ఏడో నంబరు ఇంటికి ఓ ఫలకం ఉంది: ప్రీ-రాఫెలైట్ చిత్రకారుల బృందం 1848లో ఇక్కడే పుట్టిందని. అది మిలే అనే చిత్రకారుడి తల్లిదండ్రుల ఇల్లు. అయితే ఆ కాలపు ఉత్తరాల్లో ఆ ఇంటి నంబరు 7 కాదు, 83. నేటి 83 పైన ఎక్కడో ఉంటుంది. అక్కడ నిలబడి ఫొటో తీసుకుంటే ఇల్లు తప్పినట్టే.

ఇలా ఎందుకయిందంటే, పాత లండన్‌లో నంబర్లు ఒక వైపు వరసగా ఎక్కి, చివర మలుపు తిరిగి, రెండో వైపు వరసగా దిగేవి. అంటే చివరి నంబర్లు మళ్లీ వీధి మొదటికే వచ్చేవి. స్క్వేర్లలో ఇప్పటికీ అదే పద్ధతి, బెడ్‌ఫర్డ్ స్క్వేర్‌లో చూడొచ్చు. తరవాత ఊరి పనులు చూసే మెట్రోపాలిటన్ బోర్డ్ ఆఫ్ వర్క్స్ వచ్చి, 1889 నుంచి లండన్ కౌంటీ కౌన్సిల్ వచ్చి, బేసి నంబర్లు ఒక వైపు, సరి నంబర్లు ఒక వైపు పెట్టించుకుంటూ పోయాయి. సాధారణంగా ఊరి నడిబొడ్డు వైపు నుంచి బయటికి నడుస్తుంటే ఎడమచేతికి బేసి, కుడిచేతికి సరి.

కుడివైపే నడుస్తూ పోతే యూనివర్సిటీ కాలేజీ వాళ్ల డార్విన్ బిల్డింగు వస్తుంది. పెళ్లయిన కొత్తలో, 1842 దాకా, డార్విన్ కాపురమున్న ఇల్లు అక్కడే ఉండేది. ఆయన ఉత్తరాల మీద ఉండేది 12, అప్పర్ గౌవర్ స్ట్రీట్. తరవాత 'అప్పర్' ఎగిరిపోయింది, పన్నెండు కాస్తా నూటపది అయింది. ఒకే ఇంటికి వీధి పేరూ మారింది, నంబరూ మారింది. లండన్‌లో ఇలాంటి జోడు మార్పులే ఎక్కువ కొంప ముంచుతాయి. ఒక పొడవాటి రోడ్డు మీద ఒక్కో ఇళ్ల వరసకు ఒక్కో 'టెరెస్' పేరు, ఒక్కోదానికీ ఒకటి నుంచి నంబర్లు ఉండేవి. అవన్నీ రద్దయ్యి పెద్ద రోడ్డు పేరులో కలిసిపోయాయి.

నూటపదికి పక్కదే మన 112. అక్కడ తలుపు లేదు. హాస్టలు మీద రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు పడింది. ఇప్పుడు ఆ వరసంతా కాలేజీ గోడలే. కానీ పేవ్‌మెంటు అదే, ఎదుటి వరసలో పాత ఇటుక ఇళ్లు ఇంకా ఉన్నాయి, కిటికీలోంచి ఆ రోజుల్లో కనబడింది దాదాపు అదే. పోయిన ఇంటి కోసం వెళ్లేవాళ్లకు నా సలహా: ఎదురుగా ఉన్నవాటిని ఫొటో తీయండి. మీ తాతగారు రోజూ చూసింది ఎదురింటినే గాని తన ఇంటి ముఖాన్ని కాదు.

మధ్యాహ్నం ఫిట్జ్‌రాయ్ స్క్వేర్‌కు నడిచాం, పది నిమిషాలు. బాంబు పడ్డాక 1950ల్లో రాల్ఫ్ టబ్స్ అనే ఆర్కిటెక్టు గీసిన కొత్త ఇండియన్ వై.ఎం.సి.ఎ. అక్కడే ఉంది. కింద క్యాంటీన్లో బయటివాళ్లూ తినొచ్చు. ట్రే పట్టుకుని వరసలో నిలబడాలి. అన్నం, పప్పు, ఒక కూర. రుచి మన హాస్టలు మెస్సు రుచే, దాన్ని పొగడ్తగానే తీసుకోవాలి. చుట్టుపక్కల ఆఫీసుల్లో పనిచేసే తెల్లవాళ్లు పప్పుచారులో అప్పడం నంజుకుంటూ దీక్షగా తింటున్నారు.

తినేటప్పుడు కవరు మీద చూడాల్సినవి రాసుకున్నాం, ఇక్కడా చెబుతాను. లండన్ పోస్టల్ జిల్లాలు 1857-58లో వచ్చాయి. వాటికి అంకెలు తగిలించింది 1917లో. కాబట్టి కవరు మీద ఉత్త 'డబ్ల్యు.సి.' (వెస్ట్ సెంట్రల్ జిల్లా) ఉంటే అంతకుముందుది కావచ్చు, 'డబ్ల్యు.సి.1' ఉంటే కచ్చితంగా 1917, ఆ తరవాతదే. హాక్నీ వైపు కవర్ల మీద 'ఎన్.ఇ.', అంటే ఈశాన్యం, కనబడుతుంది. ఆ జిల్లాను 1866లోనే 'ఇ', అంటే తూర్పు జిల్లాలో కలిపేశారు, జనం మాత్రం చాలాకాలం రాస్తూనే పోయారు. కనక 'ఎన్.ఇ.' చూసి 1866కు ముందుదని తీర్మానించెయ్యకండి. లెటర్‌హెడ్ మీద 'మ్యూజియం' అనే మాట, దాని పక్కన నాలుగంకెలు ఉంటే అది బ్లూమ్స్‌బరీ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి పేరు. ఉత్తరం రాసినాయన మ్యూజియంలో ఉద్యోగం చేశాడనుకోకండి.

రాత్రి బస ఈస్ట్‌హామ్‌లో. హై స్ట్రీట్ నార్త్ మీద తమిళం, మలయాళం, తెలుగు అన్నీ వినబడతాయి. మసాలా దోశ ఆరు పౌండ్ల అరవై పెన్నీలు. చట్నీ మళ్లీ అడిగితే విసుక్కోకుండా వేశారు. ఊళ్లో నడిమధ్య అలా అడిగితే బిల్లులో కనబడుతుంది.

అక్టోబరు 15, బుధవారం: క్లార్కెన్‌వెల్

లండన్ ఆర్కైవ్స్. 2024 దాకా లండన్ మెట్రోపాలిటన్ ఆర్కైవ్స్ అనేవారు, పాత పుస్తకాల్లో అదే పేరు ఉంటుంది. నార్తాంప్టన్ రోడ్డు మీద, ఫారింగ్‌డన్ స్టేషనుకు నడక దూరం. ప్రవేశం ఉచితం. అసలు కాయితాలు చూడాలంటే హిస్టరీ కార్డు చేయించుకోవాలి, అదీ ఉచితమే. పాస్‌పోర్టు ఒక్కటే పట్టుకెళితే సగం పనే అవుతుంది. అడ్రసు రుజువు విడిగా, ఇంగ్లీషులో ఉన్నది, పెట్టుకోండి. బ్యాంకు స్టేట్‌మెంటు నయం. పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిలే. వారంలో అన్ని రోజులూ తియ్యరు, చూసుకుని వెళ్లాలి.

ఇక్కడ పని మూడు మెట్లు.

మొదటిది వీధి పేర్ల జాబితా. లండన్ కౌంటీ కౌన్సిల్ వీధుల పేర్లన్నిటినీ పెద్ద సంపుటంగా అచ్చేసేది, 1955 కూర్పు అన్నిటికన్నా పనికొస్తుంది. పాత పేరు దగ్గర కొత్త పేరు, మార్పుకు ఆమోదం ఇచ్చిన తేదీ, ప్లాను నంబరు ఉంటాయి. ఆ ప్లాను తెప్పించుకుంటే గీసిన ఇళ్ల మీద పాత నంబరూ కొత్త నంబరూ రెండూ కనబడతాయి. అది దొరికితే సగం కథ తేలిపోయినట్టే. చూసేటప్పుడు పేటను చూడటం మరిచిపోకండి. పందొమ్మిదో శతాబ్దం నడిమికి లండన్‌లో ముప్పైకి పైగా కింగ్ స్ట్రీట్లు ఉండేవి. పేటపేటకూ ఒక రాజుగారి వీధి అన్నమాట. అందుకే బోర్డు పేర్లు మార్చడం మొదలుపెట్టింది. 1930ల చివర్లో ఇంకో పెద్ద విడత నడిచింది. తాతగారు 1934లో రాసిన వీధి పేరు 1940 మ్యాపులో లేకపోతే ఆశ్చర్యపోవద్దు.

రెండో మెట్టు డైరెక్టరీలు. కెల్లీ కంపెనీ వాళ్ల పోస్టాఫీసు డైరెక్టరీ ఏటా వచ్చేది. అందులో వీధుల భాగం తెరిస్తే ఇంటింటికీ నంబరు, ఆ ఇంటి పెద్ద పేరు. పాతవి చాలామటుకు లెస్టర్ యూనివర్సిటీ వాళ్లు ఇంటర్నెట్‌లో ఉచితంగానే పెట్టారు, కాబట్టి ఆ ఏళ్ల కోసం లండన్ దాకా రానక్కర్లేదు. మైక్రోఫిల్ములో చూసినా తెర మీద చూసినా చదివే తీరు మాత్రం తెలిసుండాలి.

ఒక పేజీ దగ్గరగా చూద్దాం. సన్నటి అక్షరాలు, చీమలబారులా నిలువు వరసలు. 104, 106, 108 అని దిగుతుంటే మధ్యలో చుక్కలు చుక్కలుగా ఓ గీత, 'ఇక్కడ ఫలానా వీధి' అని. అదే అసలు సరుకు. అడ్డవీధి ఉన్న చోటు ఒక్కటే ఏళ్లు మారినా కదలదు. మన ఇల్లు ఏ రెండు అడ్డవీధుల మధ్య, ఎటువైపు, అడ్డవీధి నుంచి ఎన్నో ఇల్లు అని రాసుకోవాలి. నంబరు ఆఖర్న. తరవాత ముందు ఏడాది డైరెక్టరీ, వెనక ఏడాది డైరెక్టరీ తీసి పక్కింటివాళ్ల పేర్లు పోల్చాలి. రొట్టెల దుకాణంవాడు 1880లో 14లో ఉండి 1881లో 37లో కనబడితే, అతని ఇటూ అటూ ఉన్న చెప్పులవాడూ పాలవాడూ కూడా అతనితోపాటే అలాగే జరిగి ఉంటే, మారింది నంబర్లే, మనుషులు కాదు. ఒక్కడే జరిగితే ఇల్లు మారాడు. ముందు ఏడాది తేల్చుకో, ఆపైన పక్కింటివాణ్ణి పట్టుకో, నంబరు చివర చూడు. ఈ పని మొత్తం అంతే.

రెండు జాగ్రత్తలు. 1931 డైరెక్టరీ అంటే 1930 ఆఖర్లో సేకరించిన సమాచారం. రెండోది, అద్దె గదిలో ఉన్న కుర్రాడి పేరు అందులో ఉండదు. ఇంటి యజమానురాలి పేరే ఉంటుంది. కాబట్టి తాతగారి పేరుతో వెతికి 'లేదు' అనుకుని మూసెయ్యకండి, ఆ ఇంటావిడ పేరు రాసుకోండి. ఆవిడ పేరుతో జనాభా లెక్కల్లో దొరికే అవకాశం ఎక్కువ.

మూడో మెట్టు బాంబుల మ్యాపులు. యుద్ధంలో కౌన్సిల్ ఆర్కిటెక్టుల విభాగంవాళ్లు 110 ఆర్డ్‌నెన్స్ సర్వే (ప్రభుత్వ మ్యాపుల శాఖ) షీట్ల మీద ఇల్లిల్లుకూ చేత్తో రంగు వేశారు. నలుపు అంటే నేలమట్టం. ఊదా అంటే బాగుచెయ్యలేనిది. ముదురు ఎరుపు అనుమానం, లేత ఎరుపు మరమ్మతు చేయగలిగేది, నారింజ పేలుడు ధాటికి దెబ్బతిన్నది, పసుపు అద్దాలూ పెంకులూ పోయిన చిన్న దెబ్బ. చుట్టూ గీసిన సున్నాలు జర్మన్ల వి-1 ఎగిరే బాంబులూ వి-2 రాకెట్లూ పడిన చోట్లు. అచ్చేసిన పెద్ద పుస్తకం అరల్లోనే ఉంది, అది చాలు. దాన్ని బల్ల మీద పరిచి చూస్తే మనసు ఓ పట్టాన కదలదు. ఒకే వరసలో ఒకిల్లు పసుపు, గోడ పక్కది నలుపు, దాని పక్కది మళ్లీ పసుపు. రంగు ఇంటి గీత దాటకుండా కుంచె ఎంత జాగ్రత్తగా ఆపారో. యూనివర్సిటీ కాలేజీకి 1940లోనూ 41లోనూ దెబ్బలు తగిలాయి. 112 ఎందుకు లేదో ఆ షీటు దగ్గర ఇంకెవర్నీ అడగక్కర్లేదు.

కౌంటర్లో నెరిసిన జడ వేసుకున్నావిడ మేం తెచ్చిన కాయితం చూసి, తప్పు సంపుటం తీశామని చెప్పడానికి ముందు మూడుసార్లు సారీ చెప్పింది. ఇక్కడ సారీ అంటే 'కొంచెం ఇటు వినండి' అని. 'ఆర్ యూ ఆల్‌రైట్' అంటే ఆరోగ్యం కనుక్కోవడం కాదు, ఏం కావాలని. మొదటి రోజు మా జలుబు సంగతి చెప్పబోయి ఆగాం.

అక్టోబరు 16, గురువారం: క్యూ

పేరు క్యూ, వరస మాత్రం లేదు. బ్రిటన్ ప్రభుత్వపు పాత కాయితాలు దాచే నేషనల్ ఆర్కైవ్స్ ఉన్న పేట ఇది. ఈస్ట్‌హామ్ నుంచి రిచ్‌మండ్ వెళ్లే డిస్ట్రిక్ట్ లైను రైలెక్కితే మారక్కర్లేకుండా క్యూ గార్డెన్స్‌లో దిగొచ్చు. గంట పైనే. స్టేషను బయట బేకరీలూ పూల దుకాణాలూ, పది నిమిషాల నడక, ఆపైన చెరువులాంటి కొలనూ బాతులూ, వెనక కోటలా కాంక్రీటు బిల్డింగు. ఆది, సోమ వారాలు సెలవు. గురువారం సాయంత్రం ఏడు దాకా తెరిచి ఉంటుంది, అందుకే ఈ రోజు పెట్టుకున్నాం. రీడర్స్ టికెట్‌కు మళ్లీ పేరుకొకటి, అడ్రసుకొకటి రుజువులు. పెన్సిలు తప్ప పెన్నులు, రబ్బర్లు, చెక్కుకునేవి ఏవీ లోపలికి పోవు. ఫొటోలు మాత్రం ఎన్నయినా ఉచితంగా తీసుకోవచ్చు.

టికెట్ అవసరం లేని పనులు ముందు. ఇక్కడి కంప్యూటర్ల మీద జనాభా లెక్కలు ఉచితం, ఇంట్లో కూర్చుంటే చందా కట్టాలి. లెక్కలు తీసిన రాత్రులు గుర్తుంచుకోవాలి: 1901 మార్చి 31, 1911 ఏప్రిల్ 2, 1921 జూన్ 19. ఆ ఒక్క రాత్రి ఆ ఇంట్లో ఎవరు పడుకుంటే వాళ్లే. 1921 లెక్కలో ఉద్యోగం చేసే చోటు కూడా రాయించారు, అంటే ఒకే కాయితంలో రెండో చిరునామా. 1931 లెక్కలు 1942లో తగలబడి పోయాయి, వాటి కోసం వెతకొద్దు. 1930ల విద్యార్థులకు దిక్కు యుద్ధం మొదలవగానే దేశమంతా పేర్లు రాసుకున్న 1939 సెప్టెంబరు 29 నాటి రిజిస్టరే. అప్పటికే ఇంటికి బయల్దేరినవాళ్లు అందులో ఉండరు.

వెతికేటప్పుడు మనవాళ్లకు ప్రత్యేకంగా ఉండే తలనొప్పి పేరు. ఇంటిపేరు ముందు, అసలు పేరు తరవాత అని తెల్ల గుమస్తాకు తెలీదు. ఆఖరి ముక్కను ఇంటిపేరు చేసేస్తాడు. అప్పుడు లండన్ నిండా 'రావు'లే. వెంకట అనేదాన్ని రకరకాలుగా రాశారు, 'సి'తో రాసింది కూడా చూడాలి. ఇంటిపేరుతో ఒకసారి, నడిపేరుతో ఒకసారి, ఉత్త పొడి అక్షరాలతో ఒకసారి. అదీ కాదంటే పేరు వదిలేసి పుట్టిన ఊరితో: కాకినాడ అంటే కొకనాడా, విజయవాడ అంటే బెజవాడ, విశాఖ అంటే విజగపటం, బందరు అంటే మసులీపటం. అప్పుడైనా దొరక్కపోతే ఉత్త 'మద్రాస్' కొట్టండి. రాజమండ్రివాణ్ణి కూడా మద్రాసే అని రాసి చేతులు దులుపుకున్న గుమస్తాలు తక్కువేం కాదు.

ఓడ ప్రయాణికుల జాబితాలు ఇంకో మంచి గని. ఇంగ్లండు వచ్చినవాళ్లవి 1878 నుంచి 1960 దాకా, బీటీ 26 అనే వరసలో. 1922 నుంచి దిగి ఎక్కడికి వెళ్తున్నారో ఆ అడ్రసు కూడా ఉంటుంది. ఒక్క మెలిక: తొందరపడే ప్రయాణికులు మార్సేల్లో దిగి రైల్లో ఫ్రాన్సు దాటి వచ్చేవాళ్లు. వాళ్ల పేరు లండన్ రేవు జాబితాలో ఉండదు. రాకడ దొరక్కపోతే పోకడ, అంటే బీటీ 27 చూడండి, 1890 నుంచి ఉన్నాయి.

టికెట్‌తో చూసినవి 1910 నాటి భూమి విలువల పుస్తకాలు. ఆ ఏడాది చట్టం ప్రకారం దేశంలో ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నారు. ముందు ఐ.ఆర్. 121 వరసలో లండన్ మ్యాపు తీసి, మన ఇంటి మీద ఎర్ర సిరాతో వేసిన నంబరు పట్టుకోవాలి. ఆ నంబరుతో ఐ.ఆర్. 58 వరసలో ఫీల్డు పుస్తకం తెప్పించాలి. ఇంటికి నాలుగు పేజీలు: యజమాని, అద్దెకున్నవాడు, అద్దె, గదులు, ఏ అంతస్తులో ఏముందో, ఇల్లు ఏ స్థితిలో ఉందో. పుస్తకం రావడానికి దాదాపు గంట పడుతుంది, కాబట్టి మ్యాపు చూస్తుండగానే పక్క నంబర్ల పుస్తకం కూడా ఆర్డరు పెట్టుకోవడం తెలివి. మేం ఒక అంకె తప్పు రాసి రెండు వీధుల అవతలి గుర్రాలశాల పుస్తకం తెప్పించుకున్నాం. ఎన్ని గుర్రాలు పడతాయో శుభ్రంగా తెలిసింది.

కింద క్యాంటీన్లో టీ, స్కోను. ఎదుటి బల్ల మీద ఓ ముసలాయన ముత్తాతగారి సారా దుకాణం కోసం పదకొండేళ్లుగా వస్తున్నానని చెప్పాడు. 'దొరికిందా' అంటే, 'మూడు దొరికాయి, ఏది మాదో తెలీడం లేదు' అన్నాడు. అన్నిటి పేరూ ఒకటేనట.

అక్టోబరు 17, శుక్రవారం: యూస్టన్

బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు, అంటే లండన్ నుంచి మన దేశపు పాలన చూసిన శాఖ, కాయితాలు. 2023 అక్టోబరు సైబర్ దాడి తరవాత వాళ్ల కేటలాగు మేం వెళ్లేనాటికి ఇంకా కోలుకుంటూనే ఉంది, కనక ఏ ఫైలు కావాలో ముందే రాసి అడగాల్సి వచ్చింది. మూడో అంతస్తులో ఆసియా, ఆఫ్రికా రీడింగు రూము. పబ్లిక్ అండ్ జ్యుడీషియల్ శాఖ ఫైళ్లలో విద్యార్థుల అర్జీలూ, యజమానులు వదిలేసిన నౌకర్ల గోడూ ఉంటాయి. చిరునామా కోసం వెళితే గంటలు కరిగిపోతాయి, కథ కోసం వెళితే వారాలు. మాకున్నది ఒక పూట.

మధ్యాహ్నం యూస్టన్ స్టేషను అవతల డ్రమండ్ స్ట్రీట్. ఇండియా భోజనానికి పాత చిరునామా ఇది. కొత్త రైల్వే పనుల కోసం చుట్టుపక్కల కూలగొట్టి ఏళ్ల తరబడి కంచెలు వేయడంతో వీధి కళ తగ్గింది. ఒకచోట పదకొండు పౌండ్లకు బఫే. పూరీ బాగుంది, సాంబారు గుజరాతీ వాళ్ల చెయ్యి పడి తియ్యగా ఉంది. లెక్కకు అదీ చరిత్రే.

అక్టోబరు 18, శనివారం: ఆల్డ్‌గేట్, హాక్నీ

పొద్దున్నే తప్పటడుగు. ఫోన్లో కింగ్ ఎడ్వర్డ్స్ రోడ్ అని కొట్టి, అది చూపించిన దారినే వెళ్లి, ఈస్ట్‌హామ్ నుంచి ఒక్క స్టేషనులో బార్కింగ్‌లో దిగాం. నిజమే, బార్కింగ్‌లోనూ ఒక కింగ్ ఎడ్వర్డ్స్ రోడ్ ఉంది. ఎన్‌ఫీల్డ్ వైపూ ఉంది. ఫోను దగ్గరున్నది చూపిస్తుంది. పేట పేరు లేకుండా వీధి పేరు వాడొద్దని బుధవారం నోట్సులో రాసుకున్నది మేమే. గంటన్నర గంగపాలు.

తిరిగొచ్చి ఆల్డ్‌గేట్‌లో మొదలుపెట్టాం, అదే సరైన వరస కూడా. 1900కు ముందు ఆయాల హోమ్ ఉన్నది ఇక్కడ, 6, జ్యూరీ స్ట్రీట్. ఇప్పుడు చుట్టూ ఆఫీసులు, శనివారం కనక కాకి కూడా లేదు. సిటీ ఆఫ్ లండన్ అనే ఈ నడిబొడ్డు పాత ఊళ్లో ఇలాంటి చిరునామాలకు గోడ్ అనే కంపెనీ వాళ్ల అగ్నిప్రమాద బీమా మ్యాపులు పనికొస్తాయి. అంగుళానికి 40 అడుగులు. ఇంటి నంబరు, అంతస్తులు, పైకప్పు దేనితో వేశారో కూడా ఉంటాయి.

అక్కడి నుంచి 254 నంబరు బస్సు. హోమ్ 1900లో మారిన దారినే మేం పౌండు డెబ్బై అయిదు పెన్నీలకు వెళ్లాం. బస్సుల్లో డబ్బు తీసుకోరు, కార్డు తాకించడమే. గంటలోపు ఇంకో బస్సెక్కితే దానికి మళ్లీ పడదు. వైట్‌చాపెల్, బెత్నల్ గ్రీన్ మీదుగా మేర్ స్ట్రీట్. ఆ చుట్టుపక్కల కొన్ని పాత వీధి పలకల మీద 'ఎన్.ఇ.' ఇప్పటికీ ఉంది. 1866లో రద్దయిన అక్షరాలు.

కింగ్ ఎడ్వర్డ్స్ రోడ్ 26. 2022 జూన్‌లో పాత కట్టడాల బాగోగులు చూసే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ నీలి ఫలకం పెట్టింది, 1900 నుంచి 1921 దాకా అని. గుండ్రటి నీలం పలక మీద తెల్ల అక్షరాల్లో 'ఆయా' అనే మాట. మన వీధుల్లో రోజూ వినే మాటను లండన్ గోడ మీద చూసి కాసేపు చదువుతూనే నిలబడ్డాం. హోమ్‌ను నడిపింది లండన్ సిటీ మిషన్ అనే క్రైస్తవ సంస్థ. ఆయాను వెంట తెచ్చుకున్న కుటుంబం ఆమె తిరుగు టికెట్‌ను హోమ్‌కు అప్పగించేది. ఇండియా వెళ్లే ఇంకో కుటుంబం దొరికితే ఆ టికెట్ మీద, ఆ పిల్లల్ని చూసుకుంటూ ఆమె ఇంటికి చేరేది. టికెట్ ఇవ్వకుండా వదిలేసి పోయినవాళ్లూ ఉన్నారు.

కాబట్టి ఒక్కొక్కరు ఇక్కడ ఉండేది కొద్ది వారాలో నెలలో. జనాభా లెక్కల రాత్రి ఇక్కడే ఉండటం అదృష్టమే. ఇంకో మెలిక, 1921లో హోమ్ ఇదే వీధిలో నాలుగో నంబరుకు మారింది, లెక్కలు తీసింది అదే ఏడాది జూన్‌లో. రెండు నంబర్లూ చూడాలి. ఓడ జాబితాలో ఆయా పేరు కోసం వెతికితే చాలాసార్లు దొరకదు. 'ఫలానా దొరసాని ఆయా' అనే ఉంటుంది. అందుకని దారి తిరగేయాలి: దొరల కుటుంబం పేరు తెలిస్తే ముందు వాళ్లను ఓడలో పట్టుకుని, కింద వరసలో నౌకర్ల దగ్గర చూడాలి. మీ ఇంట్లో 'అమ్మమ్మకు అమ్మ సీమకు వెళ్లొచ్చింది' అనే మాట ఉంటే, ఆమె ఎవరింట్లో చేసిందో ఎవరికైనా గుర్తుందేమో ముందు అడగండి. ఆమె పేరుకన్నా ఆ దొర పేరే తాళంచెవి కావడం చేదు సంగతే, కానీ పని దానితోనే జరుగుతుంది.

ఇప్పుడు ఆ ఇంట్లో మామూలు మనుషులుంటున్నారు. గంట కొట్టకూడదు, మెట్లెక్కకూడదు. పేవ్‌మెంటు మీంచి ఫొటో తీసుకోవచ్చు, కిటికీల్లోకి కాదు. మేం తీస్తుండగా పిల్లబండి తోసుకుంటూ ఒకావిడ ఆగి, ఫొటోలో పడకుండా అవతలికి తప్పుకుంది. బండిలో పిల్ల తెల్లది, తోస్తున్నావిడ కాదు. అడగడానికి ప్రశ్న ఉంది గాని నోరు రాలేదు.

తిండి బ్రాడ్‌వే మార్కెట్‌లో. శనివారం సంత, కాలుపెట్టే సందు లేదు. వియత్నాం రొట్టె ఎనిమిదిన్నర పౌండ్లు. అదే డబ్బుతో మేర్ స్ట్రీట్ మీద కూర్చుని వేడి నూడిల్స్ సూపు తాగొచ్చని తరవాత తెలిసింది.

అక్టోబరు 19, ఆదివారం: లైమ్‌హౌస్

ఆర్కైవ్‌లన్నీ మూత. వెస్ట్‌ఫెర్రీ స్టేషన్‌లో దిగి వెస్ట్ ఇండియా డాక్ రోడ్డు మీద కాసేపు నడిచాం. ఓడ కళాసీల కోసం 1857లో తెరిచిన స్ట్రేంజర్స్ హోమ్ ఇక్కడ ఉండేది. మహారాజా దులీప్ సింగ్ అయిదు వందల పౌండ్లు ఇచ్చాడు. 1937లో మూసేశారు. చూడటానికేం మిగల్లేదు. వాన. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ వాళ్లు ఇంటర్నెట్‌లో పెట్టిన 1890ల ఆర్డ్‌నెన్స్ సర్వే మ్యాపును ఫోన్లో నేటి మ్యాపు మీద పరిచి, వేలితో పలచన చేస్తూ, చిక్కన చేస్తూ నిలబడ్డాం. మైలుకు అయిదు అడుగుల లెక్కన గీసింది, ఇంటి మెట్లు కూడా కనబడతాయి. గొడుగు కింద ఒకరు ఫోను పట్టుకుంటే ఇంకొకరు అడుగులు లెక్కపెట్టారు. లెక్క సరిగ్గా ఓ బస్సుస్టాపు దగ్గర ఆగింది.